దీమం

థార్న్‌ఫెన్,
11 ఆగస్టు 1958

అక్కకి,

నువ్వు అల్లి పంపిన మేజోళ్ళు అందాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. బావతో మాట్లాడుతూ అల్లి ఉంటావు. అయినా రెండూ వేసుకున్నాను, నా బూట్లు తడి ఆరక మూడు వారాలైంది మరి.

వానకి ఈ ఏడు వేరే ఊరు దొరికినట్టు లేదు. పల్లపు పొలం చెక్కలో గోధుమ మొత్తం నేలకి పడిపోయింది. వంటింటి కిటికీలోంచి చూస్తే ఇరవై ఎకరాలూ పరుపు పరిచినట్టు కనబడుతోంది. కొన్నిచోట్ల కంకుల్లోనే మొలకలు వచ్చేశాయి. కోత మిషను వాడు గట్టు మీద నిలబడి చూసి, "దీన్ని ఇందులో దింపితే క్రిస్మస్‌కి పైకి లాక్కోవాలయ్యా" అని వెళ్ళిపోయాడు. ఇక చేత్తో కోయడమే. పొడుగు కర్ర కొడవలి పట్టగలిగినవాళ్ళు ఐదారుగురు కావాలి. ఊళ్ళో ఎవరున్నారు? వయసులో ఉన్నవాళ్ళంతా ఫ్యాక్టరీలకి పోయారు. మిగిలింది నేను, పక్క పొలం ఎఫ్రాయిమ్ లింగ్. ఎఫ్రాయిమ్ మెడ సంగతి నీకు తెలుసుగా. తన చొక్కా బొత్తాలు తనే చూసుకుంటూ నడిచే మనిషి ఏం కోస్తాడు?

ఈ పంట ఇంటికి చేరకపోతే సెప్టెంబరు ఆఖరుకి ఎస్టేటువాళ్ళు కౌలు ఇంకొకరికి రాసేస్తారు. నాన్న పోయి ఆర్నెల్లు కాలేదు. ఆయన నలభై ఏళ్ళు దున్నిన నేల నా చేతిలోంచి జారిపోతుందంటే అన్నం ముద్ద గొంతు దిగడం లేదు.

పడిపోయిన చేను పావురాలకి పెళ్ళి భోజనం. వందల కొద్దీ దిగుతున్నాయి. నిన్న నాన్న తుపాకీ తీసుకుని కంచె మూలన మాటు కట్టాను. వల కట్టి, పైన అక్కడ మొలిచిన కొమ్మలే విరిచి కప్పాను. ముందు నాన్న చెక్కిన కొయ్య పావురాల్ని దీమాలుగా, పైన పోయే పిట్టలకి ఎరగా నిలబెట్టాను. నాలుగైదు పడ్డాక కొయ్యవి తీసేసి, చచ్చినవాటినే గడ్డం కింద పుల్ల ఆనించి కూర్చోబెట్టాను. అన్నీ గాలికి ఎదురు మొహంగా, మధ్యలో ఖాళీ వదిలి. పైన పోయే పిట్ట తన జాతివాళ్ళు మేస్తున్నారని చూసి, ఆ ఖాళీ తనకోసమే వదిలారనుకుని వచ్చి వాలుతుంది.

మధ్యాహ్నం గాలి తిరిగింది. గాలి తిరిగాక దీమాలు తిప్పకపోతే ఒక్కటీ దగ్గరికి రాదు. బయటికొచ్చి వానలో వంగి ఒక్కొక్కదాన్నీ తిప్పుతుంటే, పైనున్న మంద మొత్తం నన్ను చూసి పారిపోయింది. "మాటులో ఉన్నోడు బయటపడేది గాలి తిరిగినప్పుడేరా" అని నాన్న ఎన్నిసార్లు అన్నాడో.

మొత్తం అరవై మూడు పడ్డాయి. పది ఎఫ్రాయిమ్‌కిచ్చాను. కుందేలు ఉచ్చు దగ్గర గొడవపడ్డాక అతను నాతో మాట్లాడటం ఇదే మొదలు.

తడిసి ముద్దయిన
రూబెన్


లోస్టాఫ్ట్,
15 ఆగస్టు

రూబెన్ దొరగారికి,

మేజోళ్ళకి వంక పెట్టినవాడికి ఈసారి చేతి తొడుగులు కూడా అలాగే అల్లి పంపుతాను, కాచుకో.

నీ ఉత్తరం చదివి సిడ్ బావ ఏమన్నాడో తెలుసా? "మీ తమ్ముణ్ణి ఆ బురదలోంచి లేచి రమ్మను, చేపలకి పొగపెట్టే కొట్లో నా పక్కన చోటుంది" అన్నాడు. నువ్వు రావని తెలిసే అన్నాడులే. నీ ఒంటికి చేపల వాసన పడదు.

ఆ పుల్లల మాట రాశావు, నాకు నవ్వొచ్చింది. మన చిన్నప్పుడు ఆ పుల్లలు చెక్కింది ఎవరనుకున్నావు? బెరడు ఒలిచి, కొసన చిన్న పంగ వదిలి, పూటకి యాభై చెక్కేదాన్ని. నువ్వు చచ్చిన పిట్ట గడ్డం ఎత్తాలంటే ఏడ్చేవాడివి. "అది నన్నే చూస్తోందక్కా" అని నా గౌను వెనక దాక్కునేవాడివి.

మనుషుల కోసం గట్టిగా ప్రయత్నించు. నువ్వొక్కడివే చేలో కనబడితే ఎవరూ దిగరు. ఎవరో నలుగురు దిగారని తెలిస్తే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. నాన్న రోజుల్లో అలాగే వచ్చేవాళ్ళు కదా. ఆయన కోతదొర. ఆయన మధ్యలో తన చోటుకొచ్చి మొదటి వేటు వేసేదాకా, అటూ ఇటూ పదిమందీ కొడవళ్ళు నేలకి ఆనించి నోరెత్తకుండా నిలబడేవాళ్ళు. నేను టీ క్యాను పట్టుకుని గట్టు మీద చూస్తుండేదాన్ని. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

బావని కూడా ఇక్కడ ఎవరినైనా అడగమన్నాను. పొగబెట్టిన హెర్రింగు చేపలు డజను పంపుతున్నాను. వాసన పడకపోయినా తిను.

నీ వంకర మేజోళ్ళ అక్క
విన్నీ


థార్న్‌ఫెన్,
20 ఆగస్టు

అక్కకి,

బావకి నా తరపున ఒక గ్లాసు బీరు ఇప్పించు. మనుషులు వచ్చారు.

ఇవాళ పొద్దున టీ పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళితే, పల్లపు చెక్కలో ఆ చివర ముగ్గురు నిలబడి ఉన్నారు. చేతుల్లో పొడుగు కొడవళ్ళు. గుమ్మందాకా వచ్చి ఒక మాట చెబితే ఏం పోయిందో తెలియదు. మీ లోస్టాఫ్ట్ వాళ్ళకి మర్యాదలు అంతే కాబోలు. చేను తడిగా ఉంది కనుక ఆరేదాకా ఆగుతున్నారనుకున్నాను. మధ్యాహ్నందాకా ఆగారు. సాయంత్రందాకా ఆగారు. కూర్చోలేదు, చుట్ట కాల్చలేదు. కేకేస్తే పలకలేదు. మొహాలు కూడా దూరానికి సరిగ్గా తెలియడం లేదు, ఎవరో తొందరలో చెక్కి వదిలేసినట్టున్నాయి. నా కళ్ళజోడు మార్చుకోవాలి.

పావురాల సంగతి ఇంకో వింత. ఇవాళ ఒక్క తూటా కాల్చలేదు. మంద మందగా వస్తున్నాయి, పల్లపు చెక్క మీదికి రాగానే ఒక్కసారి పక్కకి విరుచుకుని చర్చి వైపు పోతున్నాయి. కింద ఇరవై ఎకరాల తిండి పరిచి ఉంటే వాటికేం వచ్చింది? పావురం అలా విరుచుకునేది మాటులో తుపాకీ మెరుపు చూసినప్పుడే. నేను మాటులోనే లేను.

చిత్తడి వైపు కంచెలో ఒక ముళ్ళపొద బాగా ఒత్తుగా పెరిగింది. పోయినవారం అక్కడ ఏమీ లేదనే నా జ్ఞాపకం. ఈ వానలకి అన్నీ పెరుగుతున్నాయి, పంట తప్ప.

హెర్రింగులు ఇంకా రాలేదు. తొందరేం లేదు.

రూబెన్


లోస్టాఫ్ట్,
24 ఆగస్టు

ఒరేయ్ రూబెన్,

నీకు నిజంగా బుద్ధి లేదు. ఇంత దూరం నుంచి వచ్చినవాళ్ళని రోజంతా వానలో నిలబెట్టి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావా? అమ్మ ఉంటే నీ చెవి మెలేసేది.

బావ రేవు దగ్గర ఇద్దరితో మాట్లాడాడట. పడవ పనిలేక ఖాళీగా ఉన్నవాళ్ళు. "చూస్తాంలే" అన్నారట కానీ ఖాయంగా చెప్పలేదట. వాళ్ళే అయ్యుంటారు. కానీ ఇద్దరే కదా, మూడోవాడెవడు? ఎవడైతేనేం, పనికొచ్చేవాడైతే చాలు. పలకలేదంటావా, కొత్తవాళ్ళు, సిగ్గు. సముద్రం మీదివాళ్ళు చేలో ఎలా నిలబడాలో తెలియక నిలబడి ఉంటారు. ముందు వాళ్ళకి రొట్టె, చీజు, టీ పట్టుకెళ్ళి దగ్గరికెళ్ళి మాట్లాడు. నీకు మొహమాటమైతే ఎఫ్రాయిమ్‌ని పంపు. అతనికి సిగ్గూ లేదు, నోటికి అదుపూ లేదు.

నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. నువ్వు అన్నం దిగడం లేదని రాసినప్పటి నుంచి నాకూ దిగడం లేదు. పంట ఇంటికి వస్తే కోతల పండగ ప్రార్థనకి నేనూ బావా వస్తాం. పావురం మాంసం పిండిలో కూరి కాల్చి పెడతాను, నువ్వు ఈకలు పీకు.

అరపౌను టీ, రెండు పౌన్ల చక్కెర పంపుతున్నాను. వాళ్ళకి. నువ్వు దాచుకోకు.

అక్క


థార్న్‌ఫెన్,
29 ఆగస్టు

అక్కకి,

నువ్వు చెప్పినట్టే ఎఫ్రాయిమ్‌ని పంపాను. బుధవారం పొద్దున రొట్టె మూట చంకలో పెట్టుకుని వెళ్ళాడు. "మీ అక్క పంపిన మొనగాళ్ళని ఓసారి పలకరించొస్తా. నువ్వు దొరబాబువి, కిటికీ దగ్గర కూర్చో" అని నన్ను ఎగతాళి చేసి మరీ వెళ్ళాడు.

తిరిగి రాలేదు. ఇప్పుడు వాళ్ళలో అతనూ ఒకడు. ఆ ముగ్గురిలో చేరిపోయి కొడవలి పట్టుకుని నిలబడ్డాడు. గేటు దగ్గరనుంచి గొంతు చించుకుని పిలిచినా ఇటు తిరగలేదు. కుందేలు ఉచ్చు సంగతి అతని మనసులోంచి పోలేదన్నమాట. నాకు కష్టంగా అనిపించింది. వింతేమిటంటే, అతని గడ్డం పైకెత్తి ఉంది. మెడ నిటారుగా. అరవై ఏళ్ళు నేల చూపులు చూసినవాడు తల ఎత్తి నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. మంచి మనుషుల సావాసమేమో.

అతని కుక్క మా గుమ్మం దగ్గరే ఉంటోంది. అన్నం తింటుంది కానీ గేటు దాటదు.

మొదటి ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు కనబడటం లేదు. వాళ్ళ చోట ఎఫ్రాయిమ్, కత్తులు సానపట్టే జాబెజ్, రోడ్డు వెంట పోయే కూలీలు ఇద్దరు ఉన్నారు. మొత్తం ఐదుగురు. అందరూ పడమటి గాలికి మొహం పెట్టి నిలబడతారు. వాన నేరుగా కళ్ళలో కొడుతున్నా టోపీ కిందికి లాక్కోరు. ఏం మనుషులో.

ఎందుకు మొదలుపెట్టడం లేదో నిన్న నాకు తట్టింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇటు ముగ్గురు, అటు ఇద్దరు, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు. కోతదొర చోటు అక్కా. దొర వచ్చి మొదటి వేటు వేసేదాకా ఎవరూ కొడవలి ఎత్తరు కదా. ఇప్పటివాళ్ళకి ఆ పద్ధతి తెలుసని నేననుకోలేదు. వాళ్ళు పదిరోజులుగా నాకోసం ఆగుతున్నారు, నేనేమో కిటికీలోంచి తిట్టుకుంటూ కూర్చున్నాను. సిగ్గేసింది.

నాన్న కొడవలి అటక మీంచి దించాను. తుప్పు పట్టింది. సానపట్టాలి.

రూబెన్


లోస్టాఫ్ట్,
1 సెప్టెంబరు

తమ్ముడూ,

ఈ ఉత్తరం చేతికి రాగానే నిలబడి చదువు. చదివి తలుపు గడియ పెట్టుకో.

బావ మాట్లాడిన ఇద్దరూ ఆ వారమే హెర్రింగు పడవ ఎక్కేశారట. మేము ఎవరినీ పంపలేదు. ఎస్టేటువాళ్ళు పంపేరకం కాదని నీకూ తెలుసు. నిన్న నీ ఉత్తరం చదివి బావకి వినిపిస్తుంటే ఎఫ్రాయిమ్ గడ్డం పైకెత్తి ఉందన్న చోట ఆపేసి లేచాను. నువ్వు పావురాల గురించి రాసిన మొదటి ఉత్తరం తీసి పక్కన పెట్టుకుని, రెండూ కలిపి చదివాను. నువ్వూ అలాగే చదువు.

ముందు కొయ్యవి పెడతారు. పిట్టలు పడ్డాక కొయ్యవి తీసేసి పడినవాటినే నిలబెడతారు. గాలికి ఎదురు మొహంగా నిలబెడతారు. తల వాలిపోకుండా గడ్డం కింద పుల్ల పెడతారు. మధ్యలో ఖాళీ వదులుతారు. చుట్టుపక్కల ఏం మొలిస్తే దానితోనే మాటు కప్పుతారు, ఒక కొత్త పొద మొలిచినట్టు కనబడుతుంది.

ఎఫ్రాయిమ్ మెడ నిటారుగా ఎలా అయిందిరా? పావురాలు చేనుమీంచి ఎందుకు విరుచుకుపోతున్నాయిరా? అవి మనకంటే నయం. మాటు ఎక్కడుందో వాటికి కనబడింది.

అది దొర చోటు కాదు. ఎఫ్రాయిమ్‌ని పంపమని రాసింది నేనే. ఆ పాపం నాది, దాన్ని నేను తరవాత మోస్తాను. నువ్వు మాత్రం వెళ్ళకు. పంట కుళ్ళిపోనీ, కౌలు పోనీ, నేల ఎవడికైనా పోనీ. నాకు నేల అక్కర్లేదు, నువ్వు కావాలి. వంతెన దగ్గర రోడ్డు మునిగి శనివారందాకా బస్సు లేదు. తీగలు తెగి టెలిగ్రామూ పోవడం లేదు. టపా మాత్రం పడవలో దాటిస్తున్నారట. శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. అప్పటిదాకా ఆ కిటికీకి కర్టెన్ వేసి ఉంచు.

విన్నీ


థార్న్‌ఫెన్,
2 సెప్టెంబరు

అక్కకి,

నాలుగు ముక్కలే రాస్తున్నాను, పని ఉంది. కొడవలికి సానపట్టడం పూర్తయింది. దాంతో గడ్డం గీసుకోవచ్చు. నాన్న టోపీ కూడా పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. నవ్వకు, అచ్చం ఆయనలాగే ఉన్నాను.

వాన తగ్గింది. గాలి పడమర, నిలకడగా ఉంది. రేపు తెల్లవారగానే దిగుతాను. ఈ ఏడు మొత్తంలో ఇవాళొక్కరోజే కడుపునిండా తిన్నాను. నీ హెర్రింగులే. బాగున్నాయని బావకి చెప్పకు, పొగ కొట్లో చోటు ఖాయం చేసేస్తాడు.

కుక్క పొద్దుటి నుంచి నా పంట్లాం అంచు పట్టుకుని వదలడం లేదు. కట్టేయాలి.

నీ కోతదొర
రూబెన్


థార్న్‌ఫెన్,
4 సెప్టెంబరు

విన్నిఫ్రెడ్‌కి,

పంట బాగుంది. అందరం ఉన్నాం. టీ తెచ్చేవాళ్ళు లేరు. నీకు చోటుంది. రా.

రూబెన్


థార్న్‌ఫెన్, మన వంటింట్లో,
6 సెప్టెంబరు, శనివారం

తమ్ముడూ,

ఇది నీ బల్ల మీద, ఉప్పు జాడీ కింద పెట్టి వెళతాను. నువ్వు ఇంటికి వచ్చి చదవాలి. చదువుతావు.

ఆ నాలుగో తేదీ ఉత్తరం నిన్న మా గుమ్మంలో ఉంది. స్టాంపు లేదు, ముద్ర లేదు. అక్షరాలు నీవే. కానీ నువ్వు నన్ను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి విన్నిఫ్రెడ్ అని పిలవలేదు. అది చదవగానే అర్థమైంది, కొయ్యతో చెక్కిన ఉత్తరమని. బావ కూడా వస్తానన్నాడు. వద్దన్నాను. ఖాళీ ఒకటే ఉందని రాశారు, ఇద్దరు వస్తే ఆ మాటులో ఉన్నవాడు ఇంకోటి వదులుతాడు.

వచ్చేసరికి నా ఒకటో తేదీ ఉత్తరం తలుపు లోపల చాప మీద విప్పకుండా పడి ఉంది. కుక్క తాడు కొరుక్కుంటూ వాకిట్లో ఉంది. పొయ్యి చల్లగా ఉంది. నీ కప్పు కడగలేదు. నేను కడిగి పెట్టాను.

కిటికీలోంచి నువ్వు కనబడుతున్నావు. నాన్న దూరదర్శిని తీసి చూశాను. మొదటి ముగ్గురిలో మిగిలిన ఆ కొయ్య మొహంవాడు లేడు. ఐదుగురూ మొహాలున్నవాళ్ళే. నాన్న టోపీతో మధ్యలో నువ్వు. నీ కుడిపక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ, అందులో నేల మీద మన పాత టీ క్యాను. నేను చిన్నప్పుడు మోసుకెళ్ళిందే. అటక మీద ఉండాల్సింది.

నీ గడ్డం కింద పుల్ల ఉంది. బెరడు ఒలిచి ఉంది, కొసన పంగ ఉంది. నేను చెక్కే తీరే అది. వాడికి ఎవరు నేర్పారో తెలియదు. ఎన్నేళ్ళుగా మనల్ని చూస్తూ నేర్చుకున్నాడో.

నిజం చెబుతాను. పరిగెత్తుకొచ్చి ఆ పుల్ల తీసేసి, నీ మొహం మీది వాననీళ్ళు నా చేతిరుమాలుతో తుడవాలని కాళ్ళు రెండుసార్లు గుమ్మం దాటాయి. రెండుసార్లూ కుక్క అడ్డంపడింది. నీ కన్ను ఒకసారి ఆడినట్టు కనబడింది. నీ కన్ను ఆడిందో, దూరదర్శిని కదిలిందో చెప్పలేను. ఆడిందనే నమ్ముతున్నాను. ఆ నమ్మకంతోనే కూర్చున్నాను.

నాలుగు గంటలు కావస్తోంది. పొద్దుటి నుంచి నేను చూస్తున్నది నిన్నొక్కణ్ణే కాదు, చర్చి గోపురం మీద గాలికోడిని కూడా. ఇప్పుడే అది కిర్రుమంది. పడమటి నుంచి మెల్లగా తిరిగి తూర్పుకి మొహం పెట్టింది. తూర్పుగాలి మన పొగగొట్టంలో కూత పెడుతోంది. మీ ఐదుగురూ ఇంకా పడమటికే చూస్తున్నారు. వెనకనుంచి కొట్టే గాలికి చొక్కాలు ముందుకి ఉబ్బుతున్నాయి.

గాలి తిరిగాక దీమాలు తిప్పాలి. వాడు బయటికి రావాలి. నాన్న చెప్పింది నువ్వొక్కడివే వినలేదు, నేనూ విన్నాను.

తుపాకీ నీ మంచం కింద దొరికింది. రెండు గొట్టాల్లోనూ తూటాలు పెట్టాను. నేను కాలిస్తే నాన్నకంటే బాగా తగులుతుందని నువ్వే బావతో గొప్పలు చెప్పేవాడివి.

కెటిల్ పొయ్యి మీద పెట్టాను. మరిగేలోపు వచ్చేద్దాం.

చిత్తడి వైపు పొదలో కొమ్మలు పక్కకి జరుగుతున్నాయి. కుక్క లేచి నిలబడింది. వెళుతున్నాను.

అక్క